ఏమీ తినలేదు

నాకు షుగర్ లేదు. ముందే చెబుతున్నాను.
నూట నలభై తేనెపెట్టెలు, సార్దీనియా కొండల్లో,
ముంజేతుల మీద ముప్పై ఏళ్ల కుట్లు.
ఏ ఈగ కుట్టినా కిమ్మన్నవాణ్ణి కాదు.
ఆ చిన్న పెన్ను టక్కుమనేసరికి మాత్రం
ప్రతిసారీ కళ్లు మూసుకునేవాణ్ణి.
బొనారియాకి అప్పుడు తొమ్మిదేళ్లు. తను మూసుకునేది కాదు.

భుజానికి అంటించుకునే బిళ్లలు అప్పటికింకా లేవు.
ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి రాత్రి
వేలు వెనక్కి లాక్కుని బల్ల కిందికి దూరింది.
నేనూ దూరాను.
మోకాళ్లు పట్టక, నెత్తి బల్లకి కొట్టుకుని,
"ముందు నాది" అని పొడుచుకున్నాను.
తొంభై మూడు.
తనది మూడు వందల పన్నెండు.
"నీకు తక్కువొచ్చాయి. ఓడిపోయావ్" అంది.
అవునన్నాను.

ఆ రోజు నుంచీ నోటుబుక్కులో రెండు గళ్లు.
తనది మా ఊరి ఘాట్ రోడ్డు,
నాది సముద్రం పక్కన ఉప్పుమడి.
రొట్టే జున్నూ తిన్నాక నూట పద్దెనిమిది.
బ్యాంకు ఉత్తరం గురించి ఇంట్లో అరుచుకున్నాక నూట ఆరు.
పొద్దున్నే, ఖాళీ కడుపున, తొంభై, తొంభై ఒకటి, తొంభై.
"నీ అంకెలకి నిద్దరొస్తోంది నాన్నా" అనేది.

చలికాలం మొదట్లో మా కొండల మీద ఒక పొద పూస్తుంది.
దాని తేనె చేదు. కాకరకాయంత కాదు గానీ
నాలుక మీద ఆగి, వెళ్లనని మొరాయిస్తుంది.
"చేదంటే చక్కెర లేనట్టేగా?" అని అడిగింది.
తెలీదన్నాను. చూద్దామన్నాను.
రెండు చెంచాలు నేను తిన్నాను, తను గడియారం పట్టుకుంది.
అరగంటకి నూట యాభై ఒకటి.
"చేదులో కూడా దాక్కుంది దొంగ!" అని చప్పట్లు కొట్టింది.
రెండు గంటలకి మళ్లీ పొడిచింది.
ఎనభై ఎనిమిది.

చప్పట్లు లేవు.
"దిగిపోయింది" అంది. "దానంతటదే."
మిషన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
"దిగమని ఎవరు చెప్పారు?"

ఏం చెప్పను?
నలభై నాలుగేళ్లుగా నా పొట్టలో ఒకడు
జీతం అడక్కుండా తూకం వేస్తున్నాడని
ఆ మధ్యాహ్నం దాకా నాకే తెలీదు.
వాణ్ణి పీకి తన చేతిలో పెట్టలేను.
చెంచా కడిగాను. కడిగిందే కడిగాను.

మర్నాడు స్కేలు తెచ్చి
నా గడికి అడ్డంగా గీత కొట్టింది. నీలం ఇంకు, ఒత్తి.
"మందులషాపులో లెక్కపెట్టి ఇస్తారు ఈ పట్టీలు.
నీవన్నీ దండగ.
నువ్వు ఊరికే చూస్తున్నావ్. నేను చూసుకోవాలి."
కోపంగా అన్లేదు. అందుకే గుచ్చుకుంది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, మూడింటికి,
నిద్దట్లోనే వేలు చాచింది, అలవాటుగా.
యాభై నాలుగు.
లేపి కూర్చోబెట్టి నారింజ రసం తాగించాను,
గడ్డం మీద కారింది తుడిచాను.
పదిహేను నిమిషాలు ఆగాలి. పదిహేను నిమిషాలే.
గోడ అవతల కుక్క ఒకసారి మొరిగి ఊరుకుంది.
చేతులకేదో పని కావాలి గదా,
నా వేలు నేనే పొడుచుకున్నాను.
తనకి ఎనభై ఒకటి వచ్చాక దుప్పటి కప్పి,
నా పట్టీని పొయ్యిలో పడేశాను.

మిషన్ మర్చిపోదని మర్చిపోయాను.

పొద్దున్న పాలు తాగుతూ బటన్లు నొక్కుతోంది.
"ఈ నూట పన్నెండు ఎవరిది?"
నాదే.
"దొంగతనంగా ఏం తిన్నావ్?"
"ఏమీ తినలేదు."
పాల మీసంతో నా వైపు చూసింది,
వయసు మీరిన డాక్టరు చూసినట్టు.
తర్వాత నోటుబుక్కు తీసి
తను కొట్టేసిన గడిలోనే, గీత కింద ఇరికించి,
112 అని రాసింది.
పక్కన చిన్నక్షరాలతో:
ఏమీ తినలేదు.